అమూర్తము: పేరుకొనని పదార్థము

మూర్ఛిల్లి నేలకొరిగిన మనుష్యునికిని, గర్భాలయమున కొలువుదీరిన మూర్తికిని, వైణికుడు పలికించు మూర్ఛనకును దగ్గరి చుట్టరికము కలదని చెప్పినచో వినువారు మొదట విస్మయపడుదురు. కాని ఈ మూడు పదములును సంస్కృతమున ఒక్క ధాతువు నుండియే పుట్టినవి. ఆ ధాతువు 'మూర్ఛ్'. ధాతుపాఠము దానికి మోహము, సముచ్ఛ్రాయము అని రెండర్థములు చెప్పుచున్నది. మోహమనగా తెలివి తప్పుట. సముచ్ఛ్రాయమనగా పెంపొందుట, పైకి లేచుట. ఇంద్రియములు తమ కదలిక మాని బిగిసిపోయిన స్థితి మూర్ఛ. చెదరియున్నది చిక్కబడి, గట్టిపడి, హద్దు గల ఆకృతిని పొందినచో అది మూర్తము. స్వరములు క్రమముగా ఎక్కుచు దిగుచు ఒక రూపమును సంతరించుకొన్నచో అది మూర్ఛన. భరతుడు నాట్యశాస్త్రమున షడ్జగ్రామమునకు ఏడు, మధ్యమగ్రామమునకు ఏడు, వెరసి 14 మూర్ఛనలను లెక్కించెను. రసశాస్త్రజ్ఞులు పాదరసమునకు విధించిన 18 సంస్కారములలో మూడవదానికి కూడ మూర్ఛనమనియే పేరు. వ్రేళ్ల సందున నిలువక జారిపోవు ఆ ద్రవము మూలికలతో నూరగా నూరగా తన చాంచల్యమును కోల్పోవును. తెలివి తప్పుట, గట్టిపడుట అను రెండు భావములును ఆ ఒక్క పేరులో ఇమిడియున్నవి.

ఈ ధాతువునకు భూతకాల ప్రత్యయము చేరగా మూర్తమైనది. సామాన్య సూత్రము ననుసరించి రేఫము తరువాతి తకారము నకారముగా మారి జీర్ణము, శీర్ణము అనునట్లు రూపమేర్పడవలసియుండగా, పాణిని ఈ ధాతువును ప్రత్యేకముగా పేర్కొని ఆ మార్పును నిషేధించెను. అమరసింహుడు మూర్తి యను పదమునకు కాఠిన్యము, కాయము అని రెండర్థములను ఇచ్చుటయే గాక, కఠినమైన వస్తువునకు గల పర్యాయపదములలో మూర్తమును గూడ చేర్చెను. కనుక మూర్తమనగా కంటికి కనబడునది యను అర్థము తరువాతిది; గట్టిపడినది యను అర్థము మొదటిది. దీనికి మన తెలుగులో సరియైన క్రియ కలదు: పేరుకొనుట. చలిదినములలో గిన్నెలోని నెయ్యి ఎట్లు పేరుకొని తన ఆకారమును తాను నిలుపుకొనునో, మూర్తమైన వస్తువు అట్లు తన హద్దులలో నిలిచియుండును. దానికి నిషేధార్థకమైన నఞ్ చేరి అమూర్తమైనది, పేరుకొననిది. పేరుకొననంత మాత్రమున అది లేనిది కాదు. నేడు మనము వ్రాతలలో 'కేవలము అమూర్తమైన భావము' అని తేలికగా త్రోసివేయునప్పుడు ఆ పదమునకు మన పూర్వులిచ్చిన బరువును మరచుచున్నాము. ఆ బరువెంతటిదో చూపుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ముట్టుకొనరాని వస్తువులను ఒక తెగగా విడదీసి పేరు పెట్టవలసిన అవసరము అన్ని నాగరికతలకును కలిగినది. రోమక న్యాయవేత్త గైయస్ రెండవ శతాబ్దమున తన పాఠ్యగ్రంథమున వస్తువులను రెండుగా విభజించెను: పొలము, వస్త్రము, బంగారము వంటివి ముట్టుకొనగలిగినవి, వారసత్వము, అనుభవహక్కు, ఋణబాధ్యత వంటివి ముట్టుకొనరానివి. తండ్రి విడిచిపోయిన ఆస్తిలో పొలమును బంగారమును ఉండవచ్చును గాని, వారసత్వమను హక్కు మాత్రము శరీరము లేనిదేయని అతడు స్పష్టముగా చెప్పెను. లాటిను భాషలో స్పర్శార్థకమైన ధాతువు నుండియే ఐరోపా భాషలలో నేడు వాడుకలో నున్న 'ఇంటాంజిబుల్' అను మాట వచ్చినది. దానిని అక్షరశః తెనిగించినచో 'అస్పృశ్యము' అని రావలెను. వ్యాకరణరీత్యా ఆ పదమునకు లోపము లేదు. కాని కోట్ల మనుష్యుల నుదుటిపై తరతరములుగా ఆ పదముతో వేసిన అవమానపు ముద్ర, రాజ్యాంగము 17వ అధికరణముచేత నిషేధించిన తరువాత గూడ, మన భాషనుండి చెరిగిపోలేదు; సంగీతమునకో సాహిత్యమునకో ఆ మాటను విశేషణముగా వాడుటకు మనసున్న ఏ రచయితకును చేయి రాదు. అమూర్తమను మాట మనకు సిద్ధముగా నుండుట ఈ విధముగను మేలైనది.

ఈ మాటకు గంభీరమైన ప్రాచీన ప్రయోగము బృహదారణ్యకోపనిషత్తు రెండవ అధ్యాయమున, మూడవ బ్రాహ్మణమున కలదు. బ్రహ్మమునకు రెండు రూపములనియు, అందొకటి మూర్తము, రెండవది అమూర్తమనియు ఋషి ప్రారంభించును. పిదప ఒక్కొక్కదానికి లక్షణములు చెప్పుచు, మూర్తమైనది మర్త్యము, అనగా చచ్చునది యనియు, అది నిలిచియుండునదియనియు, అమూర్తమైనది అమృతము, అనగా చావులేనిది యనియు, అది చలించుచుండునదియనియు చెప్పును. ఇచ్చట పాఠకుడు కొంచెము ఆగవలెను. మనకు గట్టిగా నిలిచియుండునదే శాశ్వతమనియు, చేతికి చిక్కక తిరుగుచుండునది క్షణికమనియు తోచును. ఉపనిషత్తు ఆ లెక్కను తలక్రిందులు చేసినది. గట్టిపడినదానికి హద్దు ఏర్పడినది, హద్దు గలది విరుగును, విరుగునది నశించును. పేరుకొననిదానికి విరుగుట యెక్కడిది?

అమూర్తములుగా ఋషి పేర్కొన్నవి బాహ్యప్రపంచమున రెండే: వాయువు, అంతరిక్షము. దేహమున వానికి ప్రతిగా ప్రాణమును, దేహాంతర్గతమైన ఆకాశమును. తక్కినదంతయు మూర్తమే. ఈ రెంటిని తలచినప్పుడు దక్షిణదేశపు పంచభూతలింగ క్షేత్రములు జ్ఞప్తికి రాక మానవు. శ్రీకాళహస్తిలో వాయులింగము, చిదంబరమున ఆకాశలింగము. శ్రీకాళహస్తి గర్భాలయమున గాలి చొరని చోట ఒక దీపశిఖ అల్లల్లాడుచుండుటను వాయుసాన్నిధ్యమునకు నిదర్శనముగా భక్తులు భావింతురు. చిదంబరమున తెర తొలగించి చూపునది ఏ విగ్రహమును కాదు, బంగారు బిల్వమాలలు వ్రేలాడు శూన్యస్థలము. కొండవలె నిలిచిన రాతిగోపురములను దాటి, మండపములను దాటి లోపలికి నడచిన యాత్రికుని ఎదుట ఆ శిల్పులు చివరకు నిలిపినవి ఉపనిషత్తు అమూర్తములని లెక్కించిన ఆ రెండే. మూర్తిపూజకును అమూర్తచింతనకును వైరము కలదని చెప్పువారు ఈ రెండు ఆలయములను ఒకసారి దర్శించుట మంచిది.

అదే బ్రాహ్మణమున మరియొక ఆశ్చర్యము కలదు. అమూర్తమునకు సారభూతుడైన పురుషుని రూపమెట్టిదని అడిగినచో, రూపము లేదని ఋషి వెంటనే తప్పించుకొనడు. రంగు వేసిన వస్త్రమువంటిది, తెల్లని ఉన్నివంటిది, ఇంద్రగోపమువంటిది, అగ్నిజ్వాలవంటిది, తెల్లతామరవంటిది, ఒక్కసారిగా మెరసిన మెరుపువంటిది అని వరుసగా చెప్పుచుపోవును. ఇంద్రగోపమనగా తొలకరి చినుకులకు చేలగట్లపై కనబడు మన ఆరుద్రపురుగు. తెలుగు రైతుబిడ్డలు అరచేతిలో నుంచుకొని మురియు ఆ ఎర్రని పట్టువంటి పురుగు, అమూర్తమునకు ఉపమానముగా ఉపనిషత్తున చోటు చేసికొన్నది. ఇన్ని కన్నులపండువైన రంగులు చూపిన తరువాతనే ఋషి 'నేతి నేతి' యను నిషేధమునకు వచ్చును. ఎంతయో చూచి, చూచినదంతయు చాలదని తెలిసికొన్నవాని నిషేధమది. ఏమియు చూడనివాని నిరాకరణము కాదు.

తార్కికులు ఈ మాటను కవిత్వపు వెలుగునుండి తీసి కొలబద్దకు తెచ్చిరి. తెలుగుసీమకు చెందిన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము నేటికిని దేశమంతట సంస్కృత విద్యార్థులు మొదట చదువు శాస్త్రగ్రంథములలో నొకటి. దానికి తానే వ్రాసికొన్న దీపికావ్యాఖ్యలో మూర్తత్వమనగా పరిచ్ఛిన్నమైన, అనగా హద్దు గల, పరిమాణము కలిగియుండుటయనియు, లేదా క్రియ కలిగియుండుటయనియు ఆయన నిర్వచించెను. ఈ కొలబద్ద చొప్పున తొమ్మిది ద్రవ్యములలో పృథివి, జలము, తేజస్సు, వాయువు, మనస్సు అను అయిదును మూర్తములు. ఆకాశము, కాలము, దిక్కు, ఆత్మ అను నాలుగును అమూర్తములు. ఉపనిషత్తు అమూర్తమన్న వాయువు ఇచ్చట మూర్తమైనది. అది కదలును గదా! అంతకంటె వింతయైనది మనస్సు సంగతి. దానికి స్పర్శ లేదు, రూపము లేదు. అయినను అది మూర్తమే. ఏలయనగా ఒకే క్షణమున రెండు జ్ఞానములు మనకు కలుగవు. పాట వినుటలో లీనమైయున్నవాడు ఎదుటనున్నదానిని చూడడు. కనుక మనస్సు అణువంతటిదై ఒక ఇంద్రియమునుండి మరియొక ఇంద్రియమునకు పరుగెత్తుచుండునని వారి సిద్ధాంతము. పరుగెత్తునదానికి చోటు కావలెను, హద్దు కావలెను. ముట్టుకొనరానిదంతయు అమూర్తము కాదను సూక్ష్మమును ఈ విధముగా మన తార్కికులు గుర్తించిరి. జైనులు మరియొక దారి త్రొక్కిరి. వారి ద్రవ్యములలో పుద్గలము, అనగా జడపదార్థము, ఒక్కటియే మూర్తము. జీవుడు, ధర్మము, అధర్మము, ఆకాశము, కాలము అమూర్తములు. కాని మనము అమూర్తమని నిస్సంశయముగా చెప్పు కర్మను వారు పుద్గలమునందే చేర్చిరి. ధూళివలె అది జీవునికి అంటుకొనునట.

గణకులు చేసిన వినియోగము నాకు అన్నింటికంటె మనోహరముగా తోచును. సూర్యసిద్ధాంతము మొదటి అధ్యాయమున లెక్కింపదగిన కాలమును స్థూలసూక్ష్మభేదముచేత రెండుగా విభజించి, ప్రాణము మొదలైనది మూర్తకాలమనియు, త్రుటి మొదలైనది అమూర్తకాలమనియు పేర్కొన్నది. ఇచ్చట ప్రాణమనగా ఆరోగ్యవంతుడైన మనుష్యుడు ఒకసారి ఊపిరి తీసి విడుచుటకు పట్టు కాలము. అట్టి ప్రాణములు 6 అయినచో ఒక విగడియ. 60 విగడియలు ఒక గడియ. 60 గడియలు ఒక దినము. లెక్క కట్టినచో దినమునకు 21,600 ప్రాణములు వచ్చును. ఒక్కొక్క ప్రాణము నేటి గడియారమున ఇంచుమించు 4 సెకండ్లు. వృత్తమును 360 భాగలుగను, ఒక్కొక్క భాగను 60 కళలుగను విభజించినప్పుడు వచ్చు కళల సంఖ్యయు సరిగా 21,600 అగుటచేత, ఆకాశము ఒక్క కళ తిరుగులోపల మనుష్యుడు ఒక్కసారి ఊపిరి పీల్చి విడుచునని గణకులు రెంటిని జతచేసిరి. నేటికిని మన తెలుగు పంచాంగములలో తిథినక్షత్రములకు ఎదురుగా కనబడు గడియ విగడియలు ఈ మూర్తకాలపు సంతానమే. ఊపిరికంటె చిన్నదైన కాలము అమూర్తము. అది లేదని గణకుడు చెప్పలేదు. దానికి త్రుటి యని పేరు పెట్టెను, దానిని గుణించి పైకి లెక్క కట్టెను. మనుష్యదేహము దానిని కొలువలేదని మాత్రమే చెప్పెను. ఈ విభాగమున మూర్తామూర్తములకు సరిహద్దురాయి మనుష్యుని ఊపిరి.

శాస్త్రముల సంగతి ఇట్లుండగా, ఏ శాస్త్రమును చదువని తెలుగు గృహిణి, తెలుగు కృషీవలుడు ఈ అమూర్తములతో ఎట్లు వ్యవహరించుచున్నారో వారి మాటలలోనే వినవచ్చును. అచ్చతెలుగున ఇట్టి పదములను కల్పించుకొనుటకు మనకు అందమైన ప్రత్యయము కలదు: కలుగుట నుండి కలిమి, లేకుండుట నుండి లేమి, ఓర్చుట నుండి ఓరిమి, తాళుట నుండి తాలిమి, చెలి నుండి చెలిమి. ఎంత పొదుపైన మాటలు! వాక్యనిర్మాణము ఇంకను విశేషమైనది. తెలుగువాడు తాను ఆకలిని కలిగియున్నానని చెప్పడు. తనకు ఆకలి వేసినదనును. నిద్ర పట్టినది, కోపము వచ్చినది, సిగ్గు వేసినది, దిగులు పట్టుకొన్నది, జాలి పుట్టినది, పాత సంగతి జ్ఞాపకము వచ్చినది: అన్ని వాక్యములలోను కర్తృస్థానమున నిలిచినది ఆ అమూర్తపదార్థమే, మనుష్యుడు చతుర్థీవిభక్తిలో, దాని రాకను స్వీకరించువాడై నిలిచియున్నాడు. ఈ పద్ధతి తెలుగునకు మాత్రమే చెందినది కాదు, తక్కిన ద్రావిడభాషలలోను ఉత్తరదేశభాషలలోను కలదు. ఏమైనను, మనము పట్టుకొనలేనివి మనలను పట్టుకొనునను అనుభవమును పండితుల ప్రమేయము లేకుండ నిత్యవ్యవహారమే నిలుపుకొనుచు వచ్చినది.

ఇక ఇటీవల ఈ పదమునకు లభించిన క్రొత్త ఉద్యోగమును గూర్చి చెప్పవలెను. 1949 జనవరిలో జపాను దేశపు హోర్యూజీ ఆలయమున స్వర్ణమందిరము అగ్నిప్రమాదమునకు లోనై ప్రాచీన కుడ్యచిత్రములు దగ్ధమైనవి. ఆ దుఃఖమునుండి 1950 లో ఆ దేశము సాంస్కృతిక సంపదను కాపాడు శాసనమును చేసికొన్నది. కాలిపోవు వస్తువులతో పాటు, నాటకము, సంగీతము, చేతిపనుల నైపుణ్యము వంటివానిని గూడ సంపదగా ఆ శాసనము గుర్తించి, వానికి 'ముకేయి' అను విశేషణమును వాడినది. 'ము' అనగా లేనిది, 'కేయి' అనగా ఆకృతి. మన అమూర్తమునకు అది అన్నివిధముల తోబుట్టువు. అట్టి విద్యలలో ఆరితేరినవారిని ఆ ప్రభుత్వము ఎన్నుకొని, తమ విద్యను మెరుగుపరచుకొనుటకును శిష్యులను తయారుచేయుటకును ఏటేటా 20 లక్షల యెన్నులు ఇచ్చుచున్నది. ప్రజలు వారిని సజీవ జాతీయనిధులని గౌరవింతురు. పిదప 2003 అక్టోబరు 17న పారిసులో యునెస్కో మహాసభ ఇట్టి వారసత్వమును కాపాడుటకు ఒక ఒడంబడికను ఆమోదించినది. అది 2006 ఏప్రిల్ 20 నుండి అమలులోనికి వచ్చినది. 2008 లో సిద్ధమైన ప్రపంచపట్టికలో మన దేశమునుండి వేదపఠన సంప్రదాయము, కేరళపు కూడియాట్టము, రామలీల చోటు చేసికొన్నవి. ఆ ఒడంబడిక పేరును భారతీయభాషలలోనికి తెచ్చునప్పుడు అమూర్త వారసత్వమను మాట స్థిరపడినది. వారసత్వమెల్ల అమూర్తమే యన్న గైయస్ మాట ఇచ్చట మరల జ్ఞప్తికి వచ్చును.

మన నేలమీద ఈ మాటకు సరియైన పరీక్ష తెలంగాణమునందలి చేర్యాలలో జరుగుచున్నది. అచ్చటి నకాషీ చిత్రకారులు గుడ్డకు చింతగింజల అంబలియు తెల్లసుద్దయు పట్టించి, పదుల అడుగుల పొడవున కులపురాణములను చిత్రించెడివారు. ఆ పటమును విప్పి వ్రేలాడదీసి, ఒక్కొక్క బొమ్మను కర్రతో చూపుచు రాత్రులకు రాత్రులు కథ పాడువారు కాకిపడగలవారు మొదలైన కథకులు. పటము పాతబడి చినిగినచో దానిని నదిలో విడుచుట ఆచారము. క్రొత్త పటము వ్రాయించుకొని అదే కథను కొనసాగింతురు. గుడ్డ పోవచ్చును, కథ పోరాదు. ఇది వారి విలువల వరుస. నేడు ఆ వరుస తారుమారైనది. చేర్యాల బొమ్మకు భౌగోళిక గుర్తింపు లభించినది. పట్టణపు ఇండ్లలో ఒక్కొక్క ఘట్టమును చట్రములో బిగించి గోడకు తగిలించుకొనుచున్నారు. చిత్రకారుల కుటుంబములు ఆ ఆదరముచేత నిలద్రొక్కుకొనుట సంతోషింపవలసిన విషయమే. కాని కథకుని పిలిచి పాడించుకొను పల్లెలు తగ్గినవి, అతని కుమారుడు వేరు పనికి పోవుచున్నాడు. మూర్తమైనది అద్దము వెనుక భద్రముగా నున్నది. అమూర్తమైనది చెవులు లేక ఎండుచున్నది. అమూర్త వారసత్వమను శీర్షికక్రింద ధనమును కేటాయించు ప్రభుత్వములు ఎన్ని పటములు అమ్ముడుపోయినవని గాక, ఆ కథను మొదటినుండి కడవరకు పాడగలవారు ఎందరున్నారు, వారియొద్ద నేర్చుకొనుచున్న పిల్లలెందరు అని లెక్క వేయవలెను. జపానువారు చేసినట్లు కథకునికి జీవితకాలపు భృతిని, అతని శిష్యునికి విద్య ముగియువరకు గ్రాసమును ఏర్పాటు చేయవలెను. ఊరి జాతరలోనో, పాఠశాల ఆవరణలోనో ఏడాదికి కొన్ని రాత్రులైనను అతడు పటము విప్పుటకు చోటు చూపవలెను.